కాల్చిన మెమరీ: భారతీయ ఓటింగ్ యంత్రంలో ‘ఒకేసారి రాసే’ చిప్ చరిత్ర (1979–2025)

వ్యాససంగ్రహం:

ఒక్కసారి మాత్రమే రాయడానికి వీలైన రీడ్-ఓన్లీ మెమరీ డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో చవకైన, సాధారణమైన విడిభాగం. భారతదేశంలో అది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం ద్వారా న్యాయస్థానాల వరకూ వెళ్ళింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో 1979లో రూపొందిన నమూనా మొదలు 2024 ఎన్నికల తర్వాత విజయనగరం, ఒంగోలు అభ్యర్థులు కోరిన తనిఖీల వరకు ఈ మెమరీ చుట్టూ సాగిన వాదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాసినదాన్ని మార్చలేకపోవడం, రాసినదాన్ని బయటివారు చదవలేకపోవడం ఓటింగ్ యంత్రంలో విడదీయరాని జంటగా స్థిరపడ్డాయనీ, నాలుగు దశాబ్దాల వివాదానికి ఈ జంటే మూలమనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ఓటీపీ మెమరీ, ప్రామ్, ఈప్రామ్, ఈవీఎం, ఈసీఐఎల్, వీవీప్యాట్, విజయనగరం, నిజామాబాద్.

1. ఉపోద్ఘాతం:

2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు ముగిశాక దేశవ్యాప్తంగా 8 లోక్‌సభ స్థానాలకూ, 3 శాసనసభ స్థానాలకూ సంబంధించి ఓడిన అభ్యర్థులు ఒక కొత్తరకం దరఖాస్తు పెట్టుకున్నారు. వాటిలో తెలుగు ప్రాంతాల వాటా ఎక్కువ. విశాఖపట్నానికి పొరుగునే ఉన్న విజయనగరం లోక్‌సభ స్థానంలో బొబ్బిలి, నెల్లిమర్ల సెగ్మెంట్ల యంత్రాలను, అదే జిల్లాలోని గజపతినగరం శాసనసభ స్థానంలో మరొక యంత్రాన్ని, ఒంగోలులో 12 పోలింగ్ కేంద్రాల యంత్రాలను, తెలంగాణలో జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోని కొన్ని యంత్రాలను తనిఖీ చేయాలని వారు కోరారు. మళ్ళీ ఓట్లు లెక్కించమని కాదు, యంత్రం లోపలి మైక్రోకంట్రోలర్‌లో ‘కాల్చిన మెమరీ’ని పరిశీలించమని ఆ దరఖాస్తుల సారాంశం. అదే ఏడాది ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వారికి ఈ వెసులుబాటు కల్పించింది.

ఎన్నికల వివాదాల్లో దొంగ ఓటు, రిగ్గింగ్, బూత్ ఆక్రమణ వంటి మాటలు తెలుగువారికి కొత్తవి కావు. ‘కాల్చిన మెమరీ’ మాత్రం ఇంజినీరింగ్ ప్రయోగశాల నుంచి నేరుగా న్యాయస్థానపు తీర్పులోకి, అక్కడినుంచి జిల్లా కలెక్టరు కార్యాలయంలోని దరఖాస్తులోకి వచ్చిన పదబంధం. (ఓటీపీ అనగానే సెల్‌ఫోనుకు వచ్చే అంకెలు నేటి పాఠకునికి గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలోని ఓటీపీ వేరు: ఒకేసారి ప్రోగ్రామ్ చేయదగినది అని దాని అర్థం.) ఒక చిన్న చిప్ లక్షణం ప్రజాస్వామ్య విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నగా ఎట్లా మారిందో తెలియాలంటే ముందుగా ఆ లక్షణాన్నే పరిశీలించాలి.

2. ‘కాల్చడం’ అనే మాట పుట్టుక:

ప్రోగ్రామ్ చేయదగిన రీడ్-ఓన్లీ మెమరీని 1956లో అమెరికాలో వెన్ త్సింగ్ చౌ అనే ఇంజినీరు రూపొందించాడు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని గార్డెన్ సిటీలో అమెరికన్ బాష్ ఆర్మా సంస్థలో పనిచేసేవాడు. అట్లాస్ క్షిపణిలోని కంప్యూటరుకు లక్ష్యానికి సంబంధించిన స్థిరాంకాలను అందించే మెమరీ కావాలని అమెరికా వైమానిక దళం కోరింది. ఆ విలువలను మార్చవలసి వచ్చిన ప్రతిసారీ పరికరాన్ని కొత్తగా తయారుచేయకూడదు, అవి ప్రయాణంలో చెదిరిపోనూ కూడదు. అధిక విద్యుత్తును పంపి డయోడ్ల మాతృకలో అక్కర్లేని సన్నని తీగలను మాడ్చివేయడమే చౌ చూపిన పరిష్కారం. తెగిన తీగ ఒక విలువ, మిగిలిన తీగ మరొక విలువ. చిప్‌లో ప్రోగ్రామును ‘కాల్చడం’ అనే వాడుక అక్కడ పుట్టింది. తీగలు కాల్చే పద్ధతి పోయినా మాట మాత్రం నిలిచిపోయింది.

1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్‌లో కాలేది ఏదీ లేదు. చుట్టూ విద్యున్నిరోధకమైన పొర ఉన్న ఒక తేలియాడే గేటులోకి ఎలక్ట్రాన్లను నెట్టి బంధిస్తారు. అతినీలలోహిత కాంతి సోకితే అవి తప్పించుకుంటాయి, మెమరీ ఖాళీ అవుతుంది. ఆ కాంతి లోపలికి వెళ్ళడానికి చిప్‌పైన క్వార్ట్జ్ కిటికీ ఉండేది. కిటికీ ఉన్న సెరామిక్ తొడుగు ఖరీదైనది. అందుకని తయారీదారులు అదే సిలికాన్‌ను కిటికీ లేని చవక ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 1980, 90ల్లో విస్తారంగా వాడిన ఓటీపీ చిప్‌లలో పెద్ద భాగం ఇవే. స్వభావరీత్యా అక్కడి మెమరీ కణం చెరిపివేతకు లొంగేదే. వెలుగు చేరే దారిని మాత్రమే మూశారు. ‘మార్చలేనిది’ అన్న గుణం పదార్థంలో కాక తొడుగులో ఉన్నదన్నమాట. తర్వాతి కాలంలో వచ్చిన యాంటీఫ్యూజ్ వంటి పద్ధతుల్లో మార్పు పదార్థంలోనే శాశ్వతంగా జరుగుతుంది. కాబట్టి ఓటీపీ అనే ఒక్క పేరు కింద భిన్నమైన భౌతిక ప్రక్రియలున్నాయి.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. ‘ఒకేసారి’ అనే మాట చాలా చిప్‌ల విషయంలో అక్షరాలా నిజం కాదు, ‘ఒకే దిశలో’ అనడం సరైనది. ఖాళీ ఈప్రామ్‌లో అన్ని బిట్లూ 1గా ఉంటాయి. రాయడమంటే కొన్నింటిని 0 చేయడం. 0 తిరిగి 1 కాదు గానీ, మిగిలిన 1లను తర్వాత ఎప్పుడైనా 0 చేయవచ్చు. తాళపత్రంపై గంటంతో రాసిన లేఖకునికి ఈ స్థితి పరిచితమే: ‘ద’ కింద చిన్న గీత చేర్చితే ‘ధ’ అవుతుంది, ‘ధ’ను ‘ద’ చేయడం మాత్రం ఆకును పాడుచేస్తే తప్ప కుదరదు. 8051 వర్గపు మైక్రోకంట్రోలర్లలో అన్నీ సున్నాలైన ఆదేశానికి ‘ఏమీ చేయకు’ అని అర్థం. అందువల్ల ఒకసారి కాల్చిన ఓటీపీ చిప్‌లో తప్పు దొర్లితే ఆ చోట సున్నాలు కొట్టి, ముందే వదిలిపెట్టిన ఖాళీలో సరైన ఆదేశాలు రాసుకునే ఉపాయం ఇంజినీర్లకు ఉండేది. ఈ దారిని కూడా మూయడానికే మైక్రోకంట్రోలర్లలో తాళపు బిట్లు వచ్చాయి. తాళం వేస్తే అదనంగా రాయడం ఆగుతుంది. సాధారణంగా దానితోపాటు బయటినుంచి చదవడమూ ఆగుతుంది. ఓటింగ్ యంత్రపు కథ అంతా ఈ రెండో ఫలితంలోనే ఉంది.

3. హైదరాబాద్ నమూనా, పరవూరు తీర్పు:

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఏర్పడింది. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రపు ఎలక్ట్రానిక్స్ విభాగం నుంచి అది పుట్టింది. ఆ విభాగాన్ని నడిపించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందినవారు, నేటి ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరున వెలసినదే. 1969లో టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటరును ఈ సంస్థ విడుదల చేసింది. విడిభాగాలు ఎక్కడివైనా రూపకల్పన స్వదేశంలో జరగాలన్న పట్టుదల ఆ తరానిది. 1977లో ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్.శక్ధర్ ఓటింగ్ యంత్రం ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడు దానిని చేపట్టగలిగిన సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి కావడం సహజం. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దానిని రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు ప్రదర్శించింది. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో చేరింది.

1982 మే 19న కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 84 కేంద్రాలకు గాను 50 చోట్ల యంత్రాలు వాడారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్ళై 123 ఓట్లతో గెలిచారు. కాంగ్రెస్ అభ్యర్థి ఏ.సి.జోస్ కోర్టుకు వెళ్ళారు. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 కేంద్రాల పోలింగును రద్దు చేసింది. ఆ తీర్పులో చిప్ ప్రస్తావనకు ప్రాధాన్యం లేదు. చట్టంలోని ‘బ్యాలెట్’ అంటే కాగితమేననీ, పార్లమెంటు చట్టం చేయకుండా ఎన్నికల సంఘం తన పర్యవేక్షణాధికారంతో పద్ధతిని మార్చజాలదనీ న్యాయమూర్తులు చెప్పారు. తిరిగి కాగితంపై జరిగిన పోలింగులో జోస్ గెలిచారు. భారతీయ ఓటింగ్ యంత్రం ఎదుర్కొన్న తొలి ఆక్షేపణ శాసన సంబంధమైనదే గాని సాంకేతికమైనది కాదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చి పార్లమెంటు ఆ లోటు తీర్చింది. అది 1989 మార్చి 15న అమలులోకి వచ్చింది. దానికి 5 వారాల ముందు, ఫిబ్రవరి 7న, మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1984లో ఉత్పత్తి ప్రారంభించిన ఆ కర్మాగారం దేశీయ చిప్ ఆశలకు ప్రధానమైన ఆధారం. ఈ రెండు ఘటనలకు కార్యకారణ సంబంధం లేదు. అయితే రెండూ కలిసి ఒక స్థితిని ఏర్పరచాయి: యంత్రం మనది, ప్రోగ్రాము మనది, ఆ ప్రోగ్రాము నివసించే సిలికాన్ మాత్రం విదేశానిది.

1989–90లో ఈసీఐఎల్, బీఈఎల్ చెరి 75,000 చొప్పున ఒకటిన్నర లక్షల యంత్రాలు తయారుచేశాయి. రాజకీయ ఏకాభిప్రాయం కుదరక అవి 1998 నవంబరు దాకా గోదాముల్లోనే ఉండిపోయాయి. అప్పుడు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లో 16 శాసనసభ స్థానాల్లో వాటిని ఉపయోగించారు. 2004 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశమంతటా 543 లోక్‌సభ స్థానాలకూ యంత్రాలే.

4. మాస్క్, ఓటీపీ – రాసే చేయి ఎవరిది?

మార్చలేని మెమరీ రెండు విధాలుగా లభిస్తుంది. మాస్క్ రోమ్‌లో ప్రోగ్రాము చిప్ నిర్మాణంలోనే భాగం. కోడ్‌ను ముందుగా చిప్ తయారీదారుకు పంపాలి, అతడు దానికి తగిన అచ్చుతో వేలాది చిప్‌లను ఒకే మూసలో పోస్తాడు. ఓటీపీలో ఖాళీ చిప్ కొనుక్కొని కొన్నవాడే తన కార్యశాలలో కాల్చుకుంటాడు. వినియోగంలో రెండూ ఒకటిగానే ప్రవర్తిస్తాయి. విశ్వాసం దృష్ట్యా మాత్రం వాటి మధ్య సముద్రమంత దూరం ఉంది. మొదటిదానిలో దేశ ఎన్నికల ప్రోగ్రాము విదేశీ కర్మాగారం చేతికి వెళ్తుంది. అంతేకాదు, తిరిగి వచ్చిన చిప్‌లో ఉన్నది తాము పంపిన కోడేనా అని పంపినవారు సైతం చదివి పోల్చుకోలేని పరిస్థితి రావచ్చు. 2009–10 నాటి విమర్శకులు గట్టిగా పట్టుకున్న అంశాల్లో ఇది ఒకటి. కోడ్‌ను తామే రాసి, తమ కర్మాగారాల్లోనే చిప్‌లో కాలుస్తున్నామని ఎన్నికల సంఘం, తయారీ సంస్థలు తర్వాతి తరం యంత్రాల విషయంలో చెబుతూ వచ్చాయి.

2006కు ముందరివి ఎం1, 2006–10 మధ్యవి ఎం2, 2013 తర్వాతివి ఎం3 అని యంత్రాలకు తరాల పేర్లు స్థిరపడ్డాయి. ఎం2లో బ్యాలెట్ యూనిట్, కంట్రోల్ యూనిట్‌ల మధ్య మీటల సంకేతాలను మార్చుతూ పంపే పద్ధతి, మీట నొక్కిన సమయపు నమోదు వచ్చాయి. ఎం3లో తెరిచే ప్రయత్నం జరిగితే యంత్రం పనిచేయకుండా పోయే ఏర్పాటు, యూనిట్లు పరస్పరం గుర్తుపట్టుకునే ఏర్పాటు చేర్చారు. ఈ చివరి రెండింటి అవసరం ఎందుకు కలిగిందో తదుపరి భాగంలో తేటపడుతుంది. మార్చలేని చిప్‌ను మార్చనక్కర లేకుండానే దాన్ని పీకి మరొకటి పెట్టవచ్చు.

5. కాల్చిన కోడ్‌ను తాకని దాడులు:

2006 అక్టోబరులో నెదర్లాండ్స్‌లో రాప్ గోంగ్రైప్ నాయకత్వంలోని పౌర బృందం అక్కడి నెడాప్ ఓటింగ్ యంత్రాన్ని టెలివిజన్‌లో విప్పి చూపింది. ఆ యంత్రపు ప్రోగ్రాము విడిగా అమర్చిన ఈప్రామ్ చిప్‌లలో ఉండేది. వాటిని సాకెట్ నుంచి తీసి వేరేవి గుచ్చడానికి కొద్ది నిమిషాలు చాలాయి. ఇది కంప్యూటరు కాదు, ఓటింగ్ పరికరం మాత్రమేనని తయారీదారు అన్నందుకు ఆ బృందం దానిచేత చదరంగం ఆడించింది కూడా. కొద్దికాలానికే డచ్చి ప్రభుత్వం కాగితానికి తిరిగి వెళ్ళింది. 2009 మార్చి 3న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అదే సంస్థ యంత్రాల వాడకాన్ని తప్పుపట్టింది. ఎన్నికలోని ముఖ్యమైన దశలను ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం లేని పౌరుడు సైతం సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పు సారం.

భారత ఎన్నికల సంఘం ఇచ్చే సమాధానం ఈ నేపథ్యంలో బలమైనదే. ఇక్కడి ప్రోగ్రాము సాకెట్‌లో గుచ్చిన చిప్‌లో లేదు, మైక్రోకంట్రోలర్ గర్భంలో కాలి ఉంది. యంత్రానికి ఇంటర్నెట్ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. నెడాప్‌తో దీన్ని పోల్చడం తగదన్న వాదం సాంకేతికంగా సమంజసం. అయితే పోలికలో మరొక పార్శ్వం ఉంది. నెడాప్ చిప్‌ను మార్చడం తేలికైనట్టే చదవడమూ తేలిక, మోసం జరిగితే చిప్ తీసి నిరూపించవచ్చు. భారతీయ యంత్రంలో రెండు తలుపులూ ఒకే తాళంతో మూసుకున్నాయి.

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని నెట్ఇండియా సంస్థకు చెందిన వేమూరు హరికృష్ణ ప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆలెక్స్ హాల్డర్‌మన్, పైన పేర్కొన్న గోంగ్రైప్ కలిసి భారతీయ యంత్రంపై జరిపిన పరిశోధనను వెల్లడించారు. అదే అక్టోబరులో అది షికాగోలో కంప్యూటర్ భద్రత సదస్సులో పరిశోధన పత్రంగా వెలువడింది. ఎనిమిది మంది రచయితల్లో నలుగురు తెలుగువారు. ఇందులో చరిత్రకారుడు పట్టుకోవలసిన అంశం వారు చేసిన దాడులు కాదు, చేయని దాడి. వారు కాల్చిన ప్రోగ్రాము జోలికి పోలేదు. ఆ యంత్రంలో రెనెసాస్ హెచ్8/3644 వర్గపు మైక్రోకంట్రోలర్ ఉంది, ప్రోగ్రాము అందులోనే ఉంది. పోలైన ఓట్లు మాత్రం దాని పక్కనే వేరుగా ఉన్న రెండు ఈఈప్రామ్ చిప్‌లలో నమోదవుతాయి. ఓట్లు మారుతూ ఉండాలి గనుక అవి తిరగరాయదగిన మెమరీలోనే ఉండక తప్పదు. ఒక చిన్న పరికరాన్ని ఆ చిప్‌కు తగిలించి ఓట్లను తారుమారు చేయవచ్చునని వారు చూపారు. రెండో దాడిలో ఫలితాలు చూపే డిస్‌ప్లే బోర్డును అదే ఆకారంలోని మరొక బోర్డుతో మార్చారు. లోపల లెక్క సరిగానే ఉన్నా తెర వేరే అంకె చెప్పింది. ప్రోగ్రాము మార్చలేనిదన్న హామీ నిజమే అయినా, ఆ హామీ పరిధి ప్రోగ్రాముతోనే ముగిసిపోతుందని ఆ పత్రం నిరూపించింది.

ఈ దాడులకు యంత్రం చేతికి చిక్కాలి, సీళ్ళు తెరవాలి, వేల యంత్రాలకు ఆ పని రహస్యంగా జరగాలి అన్నది ఎన్నికల సంఘం ప్రతివాదం. అది తీసివేయదగినది కాదు. కానీ ఈ ప్రతివాదం భద్రతను చిప్ నుంచి గోదాము కాపలాకు, సీలు మైనానికి, అభ్యర్థుల ఏజెంట్ల సంతకాలకు తరలించిందన్నది గుర్తించాలి. ముంబయిలోని ప్రభుత్వ గోదాము నుంచి యంత్రం పోయిందన్న ఫిర్యాదుపై 2010 ఆగస్టు 21న హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. యంత్రాన్ని ఇచ్చినవారి పేరు ఆయన చెప్పలేదు. వారం తర్వాత బెయిలు లభించింది. చదవడానికి అనుమతి లేని యంత్రాన్ని చదివినందుకు చట్టం కనుగొన్న దారి దొంగతనం కేసు కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

6. 480 మంది, 185 మంది:

ప్రోగ్రామును కాల్చడమంటే కొన్ని నియమాలను కాల్చడం. ఒకసారి ‘క్లోజ్’ మీట నొక్కాక ఓటు పడకపోవడం వంటివి పోలింగ్ అధికారి విచక్షణకు కాక చిప్‌కు అప్పగించిన నియమాలు. అదే కోవలో అభ్యర్థుల సంఖ్యకు పరిమితి కూడా వచ్చింది. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, ఎం2 కంట్రోల్ యూనిట్‌కు అలాంటివి నాలుగే తగిలించగలం, అంటే 64.

ఈ పరిమితి అర్థం కావడానికి తెలుగు నేలకు మించిన ప్రయోగశాల లేదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి వందలాదిగా నామినేషన్లు వేయగా 480 మంది బరిలో నిలిచారు. అప్పుడు బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. కాగితం కష్టపడింది గాని కాదనలేదు. ఆ ఏడాదే ధరావతు పెంచి శాసనం తన జాగ్రత్త తాను తీసుకుంది. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులు. ఎం2 యంత్రానికి ఇది అసాధ్యం. ఇప్పటికే కాల్చిన చిప్‌కు కొత్త పరిమితి నేర్పడం కుదరదు. కాగితపు బ్యాలెట్ ఆలోచన కూడా వచ్చింది. చివరకు 24 యూనిట్లు, అంటే 384 పేర్లు తీసుకోగల ఎం3 యంత్రాలను తెప్పించి, ప్రతి కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా పేర్చి 2019 ఏప్రిల్ 11న పోలింగ్ జరిపారు. నోటాతో కలిపి 186 మీటలు వాడుకలోకి వచ్చాయి. అది సంఘం సాధించిన నిర్వహణా విజయమే. అయితే 1996 నాటి 480 మంది మళ్ళీ నిలబడితే ఎం3 కూడా చేతులెత్తేస్తుంది. ఒక నిరసన రూపానికి సిలికాన్‌లో గీసిన హద్దు 384.

7. కాగితం తిరిగి రాక:

2013 అక్టోబరు 8న సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు ఓటరు చూసి సరిచూసుకోగల కాగితపు ఆధారం అవసరమని చెప్పింది. అంతకు నెల ముందు నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్‌ను తొలిసారి వాడారు. 2019 సార్వత్రిక ఎన్నికల్లో అన్ని కేంద్రాలకూ అది వచ్చింది. ఆ స్లిప్పుల్లో ఎన్నింటిని లెక్కించాలన్నది తదుపరి వివాదం. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ముందుండగా 21 ప్రతిపక్షాలు సగం యంత్రాల స్లిప్పులను లెక్కించాలని కోరాయి. 2019 ఏప్రిల్ 8న కోర్టు శాసనసభ సెగ్మెంటుకు ఒకటి చొప్పున ఉన్న లెక్కింపును 5కు పెంచి ఆపింది. ఐదేళ్ళ తర్వాత యంత్రాలపై సందేహం వెలిబుచ్చినది వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థులు. 2010లో ‘డెమోక్రసీ ఎట్ రిస్క్’ పేరుతో పుస్తకం రాసి ఈవీఎంలను విమర్శించిన జి.వి.ఎల్.నరసింహారావు భారతీయ జనతా పార్టీ నాయకుడు. గెలిచిన పక్షం యంత్రాన్ని సమర్థించడం, ఓడిన పక్షం శంకించడం తెలుగు రాజకీయాల్లో దాదాపు నియమమైంది. దీన్ని చూపి సందేహాలన్నిటినీ ఓటమి అక్కసుగా కొట్టివేయడం పత్రికలకు అలవాటు. పార్టీలు ఎన్నిసార్లు స్థానాలు మార్చుకున్నా అడిగిన ప్రశ్న మాత్రం మారలేదన్నది ఆ వ్యాఖ్యలో తప్పిపోతున్న సంగతి.

(ఈసీఐఎల్ కొలువున్న హైదరాబాద్‌లోనే 2020 డిసెంబరు 1న మహానగరపాలక సంస్థ ఎన్నికలు కరోనా కారణంగా కాగితపు బ్యాలెట్లతో జరిగాయి.)

వీవీప్యాట్ కాగితాన్ని తెచ్చినట్టే తిరగరాసే మెమరీని కూడా యంత్రపు ముంగిటికి తెచ్చింది. స్లిప్పుపై గుర్తు, పేరు ముద్రించాలంటే అవి యంత్రానికి తెలియాలి. అభ్యర్థుల తుది జాబితా ఎన్నికకు కొద్దిరోజుల ముందే తేలుతుంది. కాబట్టి వాటిని కర్మాగారంలో కాల్చడం అసాధ్యం. గుర్తులు ఎక్కించే ప్రత్యేక యూనిట్ ద్వారా ప్రతి ఎన్నికకూ వీవీప్యాట్‌లోని ఫ్లాష్ మెమరీలో నింపాలి. అంతకుముందు కంట్రోల్ యూనిట్‌కు పార్టీ, గుర్తు అన్న ఊహే లేదు. దానికి తెలిసింది మీట నంబరు ఒక్కటే. ఆ అజ్ఞానమే దానికి పెద్ద రక్షణ. 2024 విచారణలో పిటిషనర్లు ఈ ఫ్లాష్ మెమరీని ప్రస్తావించి, యంత్రంలోని చిప్ నిజంగా ఒకేసారి రాసేదేనా అని ప్రశ్నించారు. ఏప్రిల్ 24న న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, దీపాంకర్ దత్తా ఎన్నికల సంఘం అధికారినే కోర్టుకు పిలిపించి అడిగారు. మూడు యూనిట్లకూ వేర్వేరు మైక్రోకంట్రోలర్లున్నాయనీ, మూడూ ఒకేసారి ప్రోగ్రామ్ చేయదగినవేననీ సమాధానం వచ్చింది. పరవూరు తీర్పులో చోటు దొరకని చిప్ నలభై ఏళ్ళకు దేశ అత్యున్నత న్యాయస్థానంలో విచారణాంశంగా నిలిచింది.

8. విజయనగరం, ఒంగోలు – చదవడమంటే ఏమిటి?

రెండు రోజుల తర్వాత వెలువడిన తీర్పు కాగితపు బ్యాలెట్‌నూ, నూటికి నూరు స్లిప్పుల లెక్కింపునూ తిరస్కరించింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో రాతపూర్వకంగా కోరితే, సెగ్మెంటుకు 5 శాతం యంత్రాల్లో కాల్చిన మెమరీని తయారీ సంస్థల ఇంజినీర్లు తనిఖీ చేయాలని ఆదేశించింది. ఖర్చు అభ్యర్థిదే, మోసం రుజువైతే తిరిగి ఇస్తారు.

ఆ ఆదేశం అమలులోకి వచ్చేసరికి ‘తనిఖీ’ అన్న మాటకు అర్థం చెప్పవలసి వచ్చింది. 2024 జులైలో ఎన్నికల సంఘం ప్రకటించిన పద్ధతి ప్రకారం యంత్రానికి 1,400 ఓట్ల వరకు నమూనా పోలింగ్ జరిపి, తెరపై అంకెలూ స్లిప్పులూ సరిపోలితే యంత్రం నెగ్గినట్టు. ఇది మెమరీని చదవడం కాదు, మెమరీ ప్రవర్తనను చూడడం. ఫలానా సమయంలోనో, ఫలానా మీటల వరుస నొక్కినప్పుడో మాత్రమే దారితప్పే ప్రోగ్రాము ఉన్నదనుకుంటే నమూనా పోలింగులో అది బుద్ధిగానే నడుస్తుంది. ఒంగోలు అభ్యర్థి, మాజీ మంత్రి బాలినేని శ్రీనివాసరెడ్డి ఈ కారణంతోనే నమూనా పోలింగ్ తీర్పు ఉద్దేశానికి అనుగుణం కాదని హైకోర్టును ఆశ్రయించారు.

చదవడానికి అసలు అడ్డంకి ఏమిటి? బయటి పరికరంతో మెమరీని చదవాలంటే చిప్‌లో అందుకు ద్వారం తెరిచి ఉండాలి. ఆ ద్వారం తనిఖీదారుకు ఎంత ఉపయోగమో దాడిచేసేవానికీ అంతే ఉపయోగం. అలా కాక, తన కోడ్ సంక్షిప్త ముద్రను చిప్‌నే లెక్కించి చెప్పమంటే, ఆ లెక్క చేసేది అదే ప్రోగ్రాము. సాక్షి, నిందితుడు ఒక్కరే అవుతారు. యూనిట్లు డిజిటల్ ధ్రువపత్రాలతో పరస్పరం గుర్తుపట్టుకునే ఎం3 పద్ధతి బయటి నకిలీని నిలువరించగలదు గాని, మొదట కాల్చినది ఏమిటన్న ప్రశ్నకు జవాబివ్వదు. సోర్స్ కోడ్‌ను ప్రకటించినా, ప్రకటించిన కోడ్, కాలిన కోడ్ ఒకటేనని చూపే మార్గం మళ్ళీ ఈ మూసిన తలుపు వద్దకే తెస్తుంది. చిప్‌ను విప్పి సూక్ష్మదర్శిని కింద పరీక్షించే పద్ధతులున్నాయి గాని, అందులో ఆ చిప్ నశిస్తుంది. కొద్దిపాటి యంత్రాలను అట్లా బలిపెట్టి చూడడం అసంభవమేమీ కాదు. ఆ ప్రతిపాదన అధికారిక చర్చలోకి రాకపోవడం ఆశ్చర్యకరం.

2025 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్ళీ విచారించింది. తనిఖీ సమయంలో యంత్రంలోని సమాచారాన్ని చెరపవద్దని, తిరిగి ఎక్కించవద్దని సూచించింది. యంత్రానికి 40,000 రూపాయల రుసుము ఎక్కువన్న అభిప్రాయం వెలిబుచ్చింది. తన ఉద్దేశం ఇంజినీరు హార్డ్‌వేర్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ చూసి మోసం జరగలేదని చెప్పడమేనని స్పష్టం చేసింది. మే 7న ఎన్నికల సంఘం సవరించిన పద్ధతిని కోర్టు ఆమోదించింది. నమూనా పోలింగ్ అభ్యర్థి కోరితేనే జరుగుతుంది. కాల్చిన మెమరీ చెక్కుచెదరలేదని ఇంజినీర్లు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రంపై సంతకం చేసేది యంత్రాలను తయారుచేసిన బీఈఎల్, ఈసీఐఎల్ ఇంజినీర్లే. అభ్యర్థి తరఫున వచ్చిన నిపుణుడు ఆ మెమరీని స్వయంగా చదివే వీలు ఈ పద్ధతిలోనూ లేదు.